మెట్లబావిలో అద్దం పట్టిన ఆదివారాలు

మొన్న పత్తర్‌గట్టిలో ఒక హమాలీ నిలువెత్తు అద్దాన్ని తోపుడుబండికి తాళ్లతో కట్టుకుని తోసుకుపోతున్నాడు. ఏ పెళ్లివారి బీరువాకో అయి ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ ఆ అద్దం మీద పడి, అక్కణ్ణుంచి ఎగిరి, ఎదురుగా ఉన్న దుకాణాల రాతి కమానుల మీద పళ్లెమంత వెలుగై జారుతూ పోయింది. బండి చక్రం గుంటలో పడి ఆగింది. వెలుగు కూడా ఆగింది. ఆగిన చోట రెండు రాళ్ల మధ్య సున్నం రాలిపోయి నల్లటి సందు ఒకటి ఉంది, సరిగ్గా దాన్లోకి దూరింది. ఎక్కడిదో పాచి వాసన నా ముక్కుకు తగిలింది. కుడి చెయ్యి దానంతటదే పిడికిలి బిగించుకుంది. నడిబజారులో నిలబడి, మెడ వంచి ఆ సందులోకి కాసేపు చూసి, "సాఫ్" అని గట్టిగా అనేశాను. హమాలీ తల తిప్పి, "క్యా హువా భాయ్, దుకాణ్ ఖరీద్‌తే క్యా?" అన్నాడు. దుకాణం కొంటున్నానా అని వాడు అడిగేసరికి పక్కనున్న గాజుల కొట్టువాడు నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఒళ్లంతా చెమట పట్టింది.

నన్ను ఎరిగినవాళ్లకు నా మాటల సంగతి తెలుసు. నేను చెప్పిన దాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని ఒకసారి నీళ్లలో జాడించి అప్పుడు నమ్మాలంటారు. చార్మినార్ మీది పావురానికి టికెట్టు కొట్టానని, అది దిగాల్సిన స్టాపు దాటిపోతే నాతో తగాదా పెట్టుకుందని ప్రయాణికులతో చెప్పినవాణ్ణి నేను. మీరాలం చెరువులో పట్టిన చేపను బస్సులో తెస్తుంటే దాని తోక వెనక కిటికీలోంచి బయట వేలాడిందని, ట్రాఫిక్ జవాను అది చూసి బస్సు తిరుగుతోందనుకుని దారి ఇచ్చాడని చెప్పినవాణ్ణీ నేనే. వీటికి నేనేమీ సిగ్గుపడను. ఇరుకు బస్సులో చెమటలు కక్కుకుంటూ నిలబడ్డ మనుషులకు ఒక నవ్వు కావాలి, టికెట్టుతో పాటు అది కూడా ఇచ్చేవాణ్ణి. అయితే ఇప్పుడు చెప్పబోయే ఆశీర్వాదం బాపు సంగతిలో మాత్రం ఏ కొలతా పెంచను. పెంచడానికి వీల్లేకుండా ఆయనే చేసిపోయాడు.

ఆశీర్వాదం బాపు మా డిపోలో డ్రైవరు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, అంటే నాకింకా మీసం సరిగ్గా కుదురుకోని రోజుల్లో, నన్ను ఆయన బస్సుకు కండక్టరుగా వేశారు. ముందు పెద్ద ముక్కు ఉన్న పాత బస్సు అది. ఆయనకు అప్పటికే యాభై దాటి ఉంటాయి. నల్లగా, పొట్టిగా, స్టీరింగు తిప్పీ తిప్పీ భుజాలు గూనిలా ముందుకు వంగిన మనిషి. ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం చేపల వేట, ఈ రెండూ తప్ప ఆయనకు మరో లోకం లేదని డిపోలో అనేవారు. నా కథలకు బస్సంతా నవ్వినా ఆయన నవ్వేవాడు కాదు. ఒక్కోసారి మెడ వెనక చర్మం కాస్త ముడతపడేది, అంతే. అది నవ్వేనని చాలాకాలం తర్వాత తెలిసింది.

కార్వాన్ చివర బస్సు తిప్పుకునే చోటు చాలా ఇరుకు. ఒక పక్క బర్రెల కొట్టాలు, ఒక పక్క మురుగు మోరీ. కండక్టరు దిగి వెనక నిలబడి, బస్సు రేకు మీద అరచేత్తో కొడుతూ "రానీ, రానీ" అంటుంటే డ్రైవరు వెనక్కు తీసేవాడు. ఒకరోజు అలాగే "రానీ" అంటూ ఉండగా, ఒక ముసలామె గంపలోంచి జారిపోయిన రేగుపళ్లు ఏరుకుంటూ వెనక చక్రం కిందికి దాదాపు పాక్కుంటూ వచ్చేసింది. నేను "హోల్డాన్" అని అరిచాను. లోపల కూర్చున్నవాళ్లు నేను ఏదో కొత్త కథ మొదలుపెట్టానని పకపకా నవ్వారు. బస్సు మాత్రం ఆ అరుపు పూర్తయ్యేలోపే ఆగిపోయింది. ముసలామె గంపకూ చక్రానికీ మధ్య నా పిడికిలి పట్టేంత జాగా ఉంది. బాపు తల బయటికి పెట్టలేదు, పక్కనున్న అద్దంలోకీ చూడలేదు. ఆగమన్నాను కనుక ఆగాడు. ఆ సాయంత్రం డిపోలో నా దగ్గరికి వచ్చి, ఆదివారం ఏం చేస్తున్నావని అడిగాడు. ఏమీ లేదన్నాను.

"అయితే నా ఎంబడి రా. ఎర పట్టేది ఉన్నది. అద్దం పట్టెటోడు ఒకడు గావాలె నాకు."

అద్దమెందుకో నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో కూడా చేపలు పట్టేవారు. పెంటకుప్ప పక్కన తవ్వితే ఎర్రలు గుప్పెళ్లకొద్దీ దొరికేవి, వాటిని గాలానికి గుచ్చి మూసీలో వేస్తే బుడ్డ పరకలు పడేవి. దానికి అద్దం అవసరం ఎప్పుడూ రాలేదు. ఆదివారం నాడు ఆయన తెచ్చిన అద్దం చూసి నవ్వాను కూడా. తుక్కుకు పోయిన ఏదో బస్సుకు పక్కన ఉండే గుండ్రటి అద్దం అది. దాని ఇనుప కాడకు గుడ్డపేలిక చుట్టి పిడిలా చేసుకున్నాడు.

కొట్టాలు దాటి కొంత దూరం పోతే పాత మెట్లబావి ఒకటి ఉండేది. నవాబుల కాలం నాటిదో, అంతకు ముందుదో. ఒక వైపు మెట్లు, మిగిలిన మూడు వైపులా నిలువు రాతిగోడ. అడుగున ఆకుపచ్చగా చిక్కబడ్డ నీళ్లు. లోతెంతో ఎవరికీ తెలియదు. నీటికి కాస్త పైన, మెట్ల కొస నుంచి పక్కగోడ మీదుగా ఎదుటి గోడ వెంబడి, ఒక రాతి అంచు బయటికి పొడుచుకొచ్చి ఉండేది. పాదం అడ్డంగా పెడితే సగమే నిలిచేంత సన్నం. ఆ అంచు మీద నిలబడితే తల ఎత్తులో గోడ నిండా బొక్కలు. సున్నం రాలి, రాళ్లు ఊడి, ఒక్కొక్కటీ మోచెయ్యి దాకా లోతు. వాటి లోపలి బురదలో బొటనవేలంత కప్పపిల్లలు ఉండేవి. మీరాలం చెరువులో గడ్డి కింద దాక్కునే పెద్ద కొర్రమట్టకు ఆ కప్పే ఎర. కొర్రమట్ట చచ్చినదాన్ని ముట్టదు, పిండిముద్దను వాసన కూడా చూడదు. బతికున్న కప్ప నీటి మీద కాళ్లు కొట్టుకుంటేనే పైకొస్తుంది.

కప్పలున్న చోటికి వాటిని తినేవి కూడా వస్తాయి. అదీ అసలు సంగతి. అంచు మీద నిలబడ్డవాడు చెంప గోడకు ఆనించి, చెయ్యి పైకెత్తి బొక్కలో పెట్టాలి. లోపలేముందో వాడికి కనపడదు. ఎదుటి మెట్ల మీద, ఎండ పడే చోట ఇంకొకడు కూర్చుని అద్దంతో వెలుగును బొక్కలోకి కొట్టి చూడాలి. బాపు నాకు నేర్పిన పని అది. మాట్లాడడానికి నాకు రెండే మాటలిచ్చాడు. బొక్కలో పాకేదేమీ కనపడకపోతే "సాఫ్". వెలుగు చాలకో, లోపల వంకర ఉండో సరిగ్గా కనపడకపోతే "ఎరుకలేదు". పాము కనిపిస్తే మాటే వద్దన్నాడు. దాని పేరెత్తకుండా, మావాళ్లు పామును అన్నట్టు పురుగని కూడా అనకుండా అద్దం బోర్లించాలి, అప్పుడాయన చెయ్యి దించేస్తాడు.

డిపోలో అంతమంది ఉండగా నన్నెందుకు పిలిచావు, నా మాట ఎవరూ నమ్మరు కదా అన్నాను. ఆయన అప్పటికే చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ల పైకి మడుస్తున్నాడు.

"అందుకే పిలిచిన. అబద్ధం కుట్టెటోనికి నిజం ఏడ తెగిందో మంచిగ ఎరుకైతది. మిగిలినోళ్లకు రెండు కలిసిపోయి ఉంటయి, నర్సింగూ. గా ఎరుకలేదు అన్న మాట యాది పెట్టుకో. దానికి సిగ్గుపడకు."

అంచు మీదికి పోయి, గోడకు చెంప ఆనించి, నా వైపు ముఖం తిప్పి నిలబడ్డాడు. నేను వెలుగు కొట్టాను. నా చెయ్యి వణుకుతుంటే వెలుగు బొక్క చుట్టూ ఈగలా తిరిగింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని ఆపాను. లోపల తడిరాయి మెరిసింది, ఒక వేరు, కొంత బురద. అది వేరేనా? చూశాను. మళ్లీ చూశాను. వేరే. "సాఫ్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మాట బావిలో తిరిగి తిరిగి ఆగేలోపే ఆయన చెయ్యి మోచేతి దాకా గోడలోకి పోయింది. భయమంటే నాకు అంతవరకూ నా ఒంటి గురించే. ఇంకొకరి చెయ్యి నా మాట మీద చీకట్లోకి పోవడం అదే మొదటిసారి చూడడం. అది వేరే భయం. కడుపులో మొదలై నాలుక మీదికొచ్చి కూర్చుంటుంది. నిజం చెప్పాలంటే అది ఇవాళ్టికీ అక్కడే ఉంది.

మొదటి కప్పను ఆయన వెంటనే నీళ్లలోకి వదిలేశాడు. ప్రతిసారీ అంతే, ఆ తర్వాత పట్టినవే తడి గోనెగుడ్డ కట్టిన ముంతలోకి. ఎందుకని అడిగితే, ఇంట్లో ఒకరన్నా మిగలాలి కదా అన్నాడు. చెరువు గట్టు మీద కప్పలు అమ్మే మనుషులు ఉండేవారు, కొనుక్కుంటే ఈ భయమెందుకని ఇంకో రోజు అడిగాను. గాలం సరిచేస్తూ, కప్ప వీపు చర్మాన్ని మాత్రమే ముల్లుకు తగిలిస్తూ, అది విలవిల్లాడుతుంటే దాన్ని అరచేతిలో కప్పి ఉంచి, "దీని గుండె ఎట్ల కొట్టుకుంటున్నదో సూడు" అన్నాడు. నా వేలు పెట్టించాడు. అది బావిలో నా గుండె కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది. "మనం గూడ గింతనన్న భయపడి పట్టాలె. అప్పుడు పాపం జర తక్కువ" అన్నాడు. చర్చిలో చెప్పిన మాట కాదది, ఆయన సొంతం.

చేపల విషయంలో మాత్రం నాకు పూర్తి స్వేచ్ఛ ఉండేది. సాయంత్రం వాళ్లింటికి పోయాక, ఆయన భార్య మరియమ్మ చేప కడుగుతుంటే, జానెడు చేపను నేను మూరెడు చేసి, అది గాలాన్ని, గాలంతో నన్ను, నాతో గట్టును లాక్కుపోయిన వైనం చెప్పేవాణ్ణి. ఆమె కత్తిపీట ఆపి నోరు తెరుచుకుని వినేది. బాపు ఒక్క ముక్క ఖండించేవాడు కాదు. కానీ ఒకసారి, బావి బొక్కలో నేను పడగ చూశానని కథ ఎత్తుకోబోతే, చెయ్యి అడ్డం పెట్టాడు.

"చేపను ఎంతన్న పెంచు, దానికి నొప్పేం లేదు. బొక్కల సంగతి పెంచకు, తగ్గించకు. ఆడ నా చెయ్యి ఉంటది."

అలా ఎన్నో ఆదివారాలు గడిచాయి. ఒక్కసారి కూడా భయం తగ్గలేదు. శనివారం నుంచే నాకు అన్నం సహించేది కాదు. కలలో వెలుగు కొట్టేవాణ్ణి, బొక్క లోపల ఇంకో బొక్క, దాని లోపల ఇంకోటి, చివరి దాంట్లో ఏదో కదులుతుంటే నా నోరు "సాఫ్" అనేది. అరుచుకుంటూ లేచేవాణ్ణి. అయినా పోవడం మానలేదు. డిపోలో, ఇంట్లో, బజారులో, నేను నోరు తెరిస్తే నవ్వడానికి సిద్ధపడే మనుషులే. నా మాట వినగానే ముఖం గంభీరంగా పెట్టుకుని చెయ్యి చాపేవాడు లోకంలో ఆయనొక్కడే. ఆ గౌరవం ముందు భయాన్ని మింగేవాణ్ణి.

ఇప్పుడు తలచుకుంటే కొన్ని సంగతులు కనపడతాయి. గట్టు మీద కూర్చున్నప్పుడు నీటి మీది గాలం బెండు మునిగిందా అని నన్నే అడిగేవాడు. ఎదురొచ్చే బస్సు ఏ రూటుదో నాతో చదివించేవాడు. ముంత కోసం చెయ్యి చాపి, పక్కన తడిమేవాడు. పెద్దరికం కదా, నాతో పని చేయించుకుంటున్నాడనుకున్నాను. బస్సు మాత్రం ఎప్పటిలాగే నడిపేవాడు. కార్వాన్ నుంచి పురానాపూల్ మీదుగా చార్మినార్ దాకా ఆ దారిలో ఏ గుంట ఎక్కడుందో, ఏ మలుపులో ఎవరి బండి నిలబడుతుందో ఆయన ఒంటికే తెలుసు.

వానలు వెనకబట్టిన ఒక ఆదివారం ఆయన కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడం లేదు. ఎర వద్దులే, ఇవాళ మానేద్దామన్నాను. ఆయన నవ్వి, "నువ్వు దిగు, నేను అద్దం పడ్త" అన్నాడు. ఎన్నాళ్లనుంచో లోలోపల భయపడుతున్న మాట అదే. తప్పించుకోవడానికి నాకు వందరకాల కథలు తోచాయి. చెప్పులు విప్పాను.

ఆ అంచు మెట్ల మీంచి చూసినప్పటి కంటే ఎంతో సన్నగా ఉంది. పాచికి పాదాలు జారుతున్నాయి. వీపు వెనక నీళ్లు. చల్లటి రాయికి చెంప ఆనించి, చెయ్యి పైకెత్తి, భుజం మీదుగా మెట్ల వైపు చూశాను. ఎండలో బాపు అద్దం పట్టుకుని కూర్చున్నాడు. వెలుగు గోడ మీదికి ఎక్కింది. నా తల దాటింది. అటు పోయింది, ఇటు వచ్చింది, ఆగింది. బొక్క లోపల నాకు కనపడదు గానీ దాని అంచు నాకు కనపడుతుంది. వెలుగు దాన్లో లేదు. జానెడు పక్కన, పసుపుపచ్చ పాచి పట్టిన రాయి మీద నిలబడి ఉంది.

"సాఫ్" అన్నాడు బాపు.

మొదట వేళాకోళం అనుకున్నాను. ఆయన వేళాకోళం ఆడే మనిషి కాదు. వెలుగు కదులుతుందేమోనని ఆగాను. కదల్లేదు. "సరిగ్గ సూసినవా, బాపూ?" అన్నాను.

"సూసిన. పెట్టు. ఇన్నొద్దులు నీ మాట మీద నేను పెట్టలేదా? ఒక్కపారి నా మాట మీద పెట్టలేవా?"

ఆయన కళ్లు నా వైపే ఉన్నాయి, కానీ నా మీద లేవు. నా చెవి పక్కనుంచి ఎటో పోతున్నాయి. అప్పుడు నాకు అర్థమైంది. బస్సులో నలభైమందిని నోటిమాటతో ఆడించే నా నాలుక పిడచగట్టుకుపోయింది. ఆ మనిషి అడిగిన మాటకు సిగ్గేసింది. సిగ్గుతోనే చెయ్యి పెట్టాను.

బురద తగిలింది, మెత్తగా, చల్లగా. ఒక కప్ప వేళ్ల సందున ఎగిరిపోయింది. ఇంకొంచెం లోపలికి పోతే పొడిగా ఏదో తగిలింది. అంత తడి బొక్కలో పొడిగా ఉన్నదేదో. అది కదిలింది. ఏదన్నా తగిలితే చెయ్యి గుంజొద్దని, రాయిలా ఉండాలని, దాని దారి అది చూసుకుంటుందని బాపు మొదటి రోజే చెప్పాడు. ఆ మాట గుర్తుండి కాదు, గుంజడానికి చెయ్యి నా మాట వినక ఊరుకున్నాను. అది నా వేళ్ల మీదికి, మణికట్టు మీదికి, ముంజేతి మీదికి వచ్చింది. వస్తూనే ఉంది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. మోచేతి దగ్గర బరువు మారింది. మెడ మీంచి ఏదో జారినట్టయింది. వెనక నీళ్లలో శబ్దమైంది.

"కప్పేనా దుంకింది?" అని బాపు అడిగాడు.

ఆ గొంతులో ఆశ ఉంది. అబద్ధాన్ని ఆయనే తయారుచేసి నా చేతికి అందిస్తున్నాడు, నేను అవుననడమే తరువాయి. జీవితమంతా అబద్ధాలు చెప్పినవాణ్ణి, ఏ అబద్ధమూ నాకు అంత తియ్యగా, అంత అవసరంగా కనపడలేదు. అవునంటే ఆయన ఉద్యోగం, ఆయన మర్యాద, ఖాకీ చొక్కా మీది ఇస్త్రీ మడత అన్నీ అలాగే ఉంటాయి. కానీ రేపు సోమవారం. పొద్దున మొదటి ట్రిప్పు. పాలక్యాన్లు పట్టుకుని ఎక్కేవాళ్లు, బడిపిల్లలు, చంకలో బిడ్డలతో దవాఖానాకు పోయే తల్లులు. ముందు ఆయన, వెనక నేను. ఆ కార్వాన్ మలుపులో ఇంకో ముసలామె, ఇంకో గంప.

"కాదు బాపూ. పురుగు. వెలుగు బొక్కల పడలే. రాయి మీద పడ్డది."

గోడ మీది వెలుగు జారి నీళ్లలో పడింది. చాలాసేపు అక్కడే వణికింది. నేను అంచు మీద అలాగే ఉండిపోయాను. పాముకు భయపడలేదు అప్పుడు. ఆయన ఏమంటాడోనని భయపడ్డాను.

"ఎంత దూరం పడ్డది?"

"జానెడు."

"మరియమ్మ అన్నది, కండ్లల్ల పొర వచ్చిందని. నా మీది ప్రేమతోని భయపడుతున్నదనుకున్న. నువ్వంటే నమ్మాలె ఇగ. అబద్ధమైతే ఇంకింత మంచిగ చెప్పుతుండె నువ్వు."

మళ్లీ అద్దం ఎత్తాడు. వెలుగు గోడ మీద తడుముకుంటూ తిరిగింది. ఆయన మెడ ముందుకు సాచి, కళ్లు చికిలించి, ముఖమంతా ఒక్క చోటికి కూడగట్టుకుని చూశాడు. నాకు మాటలు నేర్పినవాడికి ఆ ఒక్క మాట నోట రావడానికి ఎంత కష్టమైందో నేను చూశాను.

"ఎరుకలేదు" అన్నాడు చివరికి. "బొక్క ఏడున్నదో ఎరుకలేదు. నువ్వు ఏడున్నవో గూడ ఎరుకలేదు ర. నీ మాట వచ్చిన దిక్కు సూస్తున్న."

అంచు మీంచి ఎలా వచ్చానో తెలియదు. వచ్చి ఆయన కింది మెట్టు మీద కూలబడ్డాను. అడగకుండా ఉండలేకపోయాను. కనపడకపోతే మరి ఇన్నాళ్లూ ఆ బొక్కల్లో చెయ్యి ఎట్లా పెట్టావు బాపూ అన్నాను. ఆయన అద్దాన్ని తువ్వాలులో చుడుతున్నాడు. ఇదొక ప్రశ్నా అన్నట్టు నా దిక్కు తిరిగాడు.

"నువ్వు సాఫ్ అన్నవ్ గద."

అసలు భయం నాకు అప్పుడు పట్టుకుంది. ఆ రోజుది కాదు, గడిచిపోయిన ఆదివారాలన్నిటిదీ ఒక్కసారిగా వెనక్కి వచ్చి మీద పడింది. నేను రేపు పెళ్లి చూపులనుకుంటూ పరధ్యానంగా చూసిన బొక్కలు, మబ్బు పట్టినప్పుడు తొందరగా సాఫ్ అన్న బొక్కలు, అన్నీ. ఆయన కూడా ఒక కన్ను వేసి ఉంచాడులే అని నా మనసులో ఒక మూల ఉండేది. ఏమీ లేదు. నా మాట ఒక్కటే ఉంది ఆ చేతికి అడ్డం. పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాను. బాపు నా వీపు నిమురుతూ కూర్చున్నాడు. రేపు డ్యూటీ ఎట్లా అని అడిగితే, "రేపటి ఫికర్ నాది" అన్నాడు. ముంతలో ఏమీ లేకుండానే ఇళ్లకు పోయాం.

మర్నాడు పొద్దున ఆయన ఇస్త్రీ ఖాకీలో డిపోకు వచ్చేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. నేరుగా బస్సు దగ్గరికే నడిచాడు. టికెట్ల పెట్టె పట్టుకుని నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఎక్కాలా, వద్దా, ఎవరితోనైనా చెప్పాలా? ఆయన బస్సు ముక్కు మీద అరచెయ్యి పెట్టాడు, బర్రె నుదురు మీద పెట్టినట్టు. తర్వాత మేనేజరు గదిలోకి పోయాడు. లోపల ఎక్కువ మాట్లాడలేదట. "తొవ్వ ఎరుకైతలేదు సార్" అన్నాడట, దారి కనపడడం లేదని, అంతే. తర్వాత ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే బస్సును ఇంజను చప్పుడు బట్టి గుర్తుపట్టి గొలుసు దించేవాడు. గేటు దగ్గర ఎగతాళి చేసిన కుర్ర డ్రైవర్లు ఉన్నారు, ఆయన పట్టించుకున్నట్టు కనపడేవాడు కాదు. నాతో మాత్రం కొన్ని వారాలు మాట్లాడలేదు. ఆ వారాలు బావి కంటే భయంగా గడిచాయి. తర్వాత ఒక శనివారం, నా బస్సు గేటు దాటుతుంటే, గొలుసు పట్టుకునే, "రేపు ముంత తెస్తవా, నన్ను తెమ్మంటవా?" అన్నాడు.

అప్పటినుంచి చెయ్యి నాది, అద్దం మరియమ్మది. ఆమె మెట్ల మీద కొంగు బిగించి కూర్చుని ప్రతి బొక్కకూ "ఎరుకలేదు" అనేది. ఎంత వెలుగున్నా, ఎంత ఖాళీగా ఉన్నా అదే మాట. పక్కన బాపు తల కొట్టుకునేవాడు. ఆమె అద్దం పట్టిన రోజుల్లో మాకు ఒక్క కప్పా దొరకలేదు. ఎర్రలు తవ్వుకుని, బుడ్డ పరకలతో సరిపెట్టుకున్నాం. కొర్రమట్టలు మా వల్ల ఎంతో సుఖపడ్డాయి.

ఆయన పోయాక మరియమ్మ ఆ అద్దాన్ని నాకిచ్చింది. ఇప్పుడది మా ఇంట్లో గడప పక్కన మేకుకు వేలాడుతోంది. డిపోలో కొత్తగా చేరిన కండక్టర్లను నా దగ్గరికి పంపుతుంటారు. వాళ్లకు పావురం కథ చెప్తాను, చేప తోక కథ చెప్తాను, వాళ్లు పడీపడీ నవ్వుతారు. తర్వాత బస్సు వెనక నిలబెట్టి, ముందు కూర్చున్నవాడికి వెనక కళ్లు లేవని, తెలియనప్పుడు తెలియదని అరవాలని చెప్తాను. అప్పుడు నా ముఖం చూసి ఎవరూ నవ్వరు.

పత్తర్‌గట్టి నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం మా అమ్మాయిలు ఇద్దరూ మళ్లీ ఆ బావి సంగతి చెప్పమన్నారు. చెప్పాను. ఎప్పటిలాగే చిన్నది మధ్యలో ఆపింది. నాయనా, ఆ పాము ఎంత పొడుగుండె, ఏ పాము అది, పడగ ఉండెనా అంది. దానికి తెలుసు, నా కథల్లో చీమకు కూడా కొలత ఉంటుంది. నేను మేకుకున్న అద్దం వైపు చూశాను. చెయ్యి మీద ఆ పొడి స్పర్శ మళ్లీ పాకింది. అప్పుడు కళ్లు మూసుకున్నాను బిడ్డా, ఎరుకలేదు అన్నాను.